గడప ముందు అమ్మ చెప్పులు

మా అమ్మ మాట నమ్మడం నేను నాలుగో ఏటే మానేశాను. కారణం మా తమ్ముడు. వాణ్ని కనడానికి దవాఖానాకు పోతూ అమ్మ నా తల నిమిరి "ఇప్పుడే వస్త బిడ్డా" అంది. వచ్చింది పది రోజుల తర్వాత. వస్తూ వస్తూ చంకలో వాణ్ని కూడా తెచ్చింది. ఆ జూన్ నెలలో ఉప్పుగూడ రైలు పట్టాల అవతల శిశు తరగతి గడపలో నన్ను నిలబెట్టి, మళ్లీ అదే "ఇప్పుడే వస్త" అందుకుంది. నేను ఆమె కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని చేసిన లొల్లికి పిల్లలందరూ పలకలు పక్కన పెట్టి నన్నే చూశారు.

అప్పుడు అమ్మకు ఒక ఉపాయం తట్టింది. మేముండే ఇంట్లో ఐదు వాటాలు. ఎవరింట్లో ఎవరున్నారో తెలియాలంటే మేం తలుపు కొట్టేవాళ్లం కాదు, గడప ముందు చెప్పులు చూసేవాళ్లం. చెప్పులుంటే మనిషి ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. బడికి పోకముందే నేను నేర్చిన చదువు అదొక్కటే. అమ్మ తన ఎడమకాలి హవాయి చెప్పు విప్పి, పిల్లల చెప్పుల వరసలో పెట్టింది.

"ఇగో, నా చెప్పు ఈడనే ఉన్నది. దీన్ని ఇడిసిపెట్టి యాడికి పోత? గేటు కాడ కూసుంట. నువ్వు లోపలికి పో."

ఆమెను నమ్మలేదు గానీ చెప్పును నమ్మాను.

ఆ రోజంతా గడప పక్కనే కూర్చున్నాను. టీచరమ్మ పలక మీద 'అ' రాసిస్తే దాన్ని ఒళ్లో పెట్టుకుని చెప్పునే చూస్తున్నాను. ఎవడైనా పిల్లవాడు దాన్ని తన్నుకుంటూ పోతే నా ప్రాణం పోయినంత పనయ్యేది. ఒంటేలు వస్తున్నా లేవలేదు. నేను లేస్తే చెప్పు పోతుంది, చెప్పు పోతే అమ్మ పోతుంది. గౌను తడిసింది. పిల్లల ముక్కులు తుడిచే ముసలి ఆయమ్మ నన్ను కడిగి, "నక్కో రో బేటీ, ఆజాతీ తేరీ అమ్మా" అని, ఏడవకు మీ అమ్మ వచ్చేస్తుందని బుజ్జగించింది. ఆమె చేతుల్లో ఉండి కూడా మెడ తిప్పి గడప వైపే చూశాను. ఒంటిగంటకు అమ్మ వచ్చి చెప్పులో కాలు పెట్టాకే ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు పొద్దున నాకు కొత్త అనుమానం పుట్టింది. ఒక్క చెప్పుతో కుంటుకుంటూ అయినా పోవచ్చు కదా.

"రెండు పెట్టు" అన్నాను.

"రెండెందుకే?"

"పెట్టు!"

అమ్మ ఒకసారి రోడ్డు వైపు చూసింది. మృగశిర వచ్చినా చినుకు లేదు. పొద్దున్నే ఎండ మండిపోతోంది. ఆమెకున్నది ఆ ఒక్క జతే. రెండూ విప్పింది. వేలెడు లేను, ఎంత పెత్తనం చేశానో తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద ఒకటి ఇచ్చుకోవాలనిపిస్తుంది.

నాలుగో రోజు ఆయమ్మ వరండా కడగడానికి చెప్పులన్నీ తీసి మూలకు చేర్చింది. గడప ముందు ఖాళీ. నేను కేక పెట్టి లేచాను. ఆ కుప్పలో వెతికి అమ్మ చెప్పులు పట్టుకుని గేటుకు పరుగెత్తాను. చెప్పులు నా చేతిలోనే ఉన్నాయి. గేటు దగ్గర అమ్మ లేదు. గోలీసోడా బండి కింద ఒక కుక్క మాత్రం పడుకుని ఉంది.

వెనకాలే వచ్చిన ఆయమ్మ నన్ను ఎత్తుకుంది. "ఘర్ గయీ బేటీ, ఛోటేకూ దూద్ పిలానేకూ. రోజ్ జాతీ."

రోజూ పోతుందట. తమ్ముడికి పాలివ్వడానికి. అంటే చెప్పులు లేకున్నా మనుషులు పోతారు. ఇక అమ్మను ఆపడానికి నా దగ్గర ఏముంది? ఏమీ లేదు. ఆమె ఎప్పుడు పోవాలనుకుంటే అప్పుడు, ఎంత దూరమైనా పోవచ్చు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆ చెప్పులు ఎదకు హత్తుకుని గేటు పక్కన కూలబడ్డాను. లోపలికి రమ్మని టీచరమ్మ పిలిచినా కదల్లేదు.

ఒంటిగంట కావస్తుండగా పట్టాల మీదుగా అమ్మ రావడం చూశాను. కంకర రాళ్ల మీద పాదాల అంచులతో నడుస్తోంది. డాంబరు రోడ్డు దగ్గర ఆగి, కొంగు దోపుకుని, ఒక్క ఉరుకున గోడ నీడలోకి వచ్చింది. అక్కడ నన్ను చూసింది. చూడగానే మామూలుగా నడవడం మొదలుపెట్టింది.

మెట్టు మీద కూర్చుని చెప్పు తొడుక్కుంటుంటే ఆమె అరికాలు కనిపించింది. బొబ్బ చిట్లి ఎర్రగా ఉంది.

"ఏమైందమ్మా?"

"ఏం గాలే. రాయి గుచ్చుకున్నది."

ఐదో రోజు గడప దగ్గర అమ్మ అలవాటుగా వంగింది. నేను ఆమె పాదాన్ని చెప్పుతో సహా రెండు చేతులా పట్టుకున్నాను.

"వేసుకొని పో."

అమ్మ నా తల నిమిరింది. "ఇప్పుడే వస్త బిడ్డా" అంది.

లోపలికి వెళ్లి కూర్చున్నాను. హవాయి చెప్పుల టపటప గేటు దాటింది. గల్లీ మలుపు దగ్గర ఒకసారి ఆగింది. వెనక్కి వస్తుందేమోనని చెవులు రిక్కించాను. మళ్లీ మొదలై, పట్టాల వైపు పోయి, వినబడకుండా పోయింది. ఆ వారంలో నేను అన్నిటికన్నా ఎక్కువ ఏడ్చింది అప్పుడే. టీచరమ్మ 'అ' దిద్దమంది. నేను దిద్దిన ప్రతిసారీ కన్నీళ్లు పడి పలక మీద చెరిగిపోయింది. గడప వైపు చూశాను. అన్నీ పిల్లల చెప్పులే. అమ్మ లేదు. పలక గౌనుకు తుడుచుకుని మళ్లీ దిద్దాను.