గురక పెట్టని మనిషికి ఏ మత్తు?

మోకాలు మార్పించుకోవడానికి ఒప్పుకునేసరికి నాకు ఏళ్లు పట్టింది కానీ, ఏ మత్తు తీసుకోవాలో మాత్రం రేపల్లె నుంచి తెనాలి వెళ్లే రైల్లోనే తేల్చేశాను. తోడుగా వచ్చిన మా చెల్లెలికి అదే చెప్పాను. తనుండేది బాపట్లలో. కిందటేడు బాత్‌రూములో జారిపడితే తనకు తుంటి కీలు మార్చారు. నడుములో ఇంజెక్షన్ ఇచ్చి, కింది సగం మొద్దుబారాక ఆపరేషన్ చేశారు.

"నాకు మాత్రం పూర్తి మత్తే కావాలి. నీలా మెలకువగా పడుకుని సుత్తి దెబ్బలు వినడం నా వల్ల కాదు."

"నేనేం వినలేదక్కా. నిద్రపట్టేసింది."

"నీకు ఎక్కడైనా పట్టేస్తుందిలే," అన్నాను. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. అడగకపోయినా జవాబు చెప్పే అలవాటు ఇంకా పోలేదు.

తెనాలి ఆసుపత్రిలో, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు పరీక్ష చేస్తుందన్నారు. వెళ్లి చూస్తే, మా బళ్లో వెనక బెంచీలో కూర్చోబెట్టదగ్గ అమ్మాయి.

"నోరు బాగా తెరవండి ఆంటీ. కట్టుడు పళ్లేమైనా ఉన్నాయాండి?"

"లేవమ్మా."

పక్కన చెల్లెలు దగ్గింది.

"ముందువి కొన్ని... తీసి పెట్టుకునేవి," అన్నాను, గొంతు తగ్గించి.

"ఆయాసం ఉందాండి?"

"అబ్బే! చలికాలంలో ఏదో కొంచెం."

"రోజూ ఆయాసం మందు పంపు పీలుస్తుందండి," అంది చెల్లెలు.

"గురక పెడతారా?"

దీనికి మాత్రం ధైర్యంగా జవాబిచ్చాను. "లేదమ్మా. మా ఇంట్లో గురక పెట్టేది మావారు."

చెల్లెలు ఇక ఆగలేకపోయింది. "మా బావగారు హాల్లో పడుకునేది ఎందుకనుకుంటున్నారండి? అక్కకి గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడుద్ది కూడా."

ఆయన హాల్లో పడుకునేది క్రికెట్ కోసమనే నేను ఇన్నాళ్లూ నమ్ముతున్నాను. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఊపిరి ఆగడం గురించి చెల్లెల్ని ఇంకా ఏవేవో అడిగి, నా వైపు తిరిగింది.

"పూర్తి మత్తు ఇస్తే గొంతులోకి గొట్టం వెయ్యాలి ఆంటీ. ఇవ్వకూడదని కాదు. కానీ ఆయాసం, ఇలాంటి గురక ఉన్నవాళ్లకి తర్వాత ఊపిరితో ఇబ్బంది రావచ్చు. మీకు నడుముకిచ్చేదే మంచిదనిపిస్తోంది. చప్పుళ్లంటే భయమైతే కాస్త నిద్ర మందు కలుపుతాం. తర్వాత నొప్పి తగ్గడానికి తొడ దగ్గర నరానికి ఇంకో ఇంజెక్షన్ ఇస్తాం. మీరేమంటారు?"

రైల్లో దారి పొడుగునా కూడబెట్టుకున్న వాదన ఒక్కటీ గుర్తురాలేదు. "మీరెలా చెబితే అలాగేనమ్మా," అన్నాను.

ఆపరేషన్ రోజు పళ్లు తీసి చెల్లెలి చేతికిచ్చాను. బల్ల మీద కూర్చోబెట్టి, దిండు కావలించుకుని పిల్లిలా వీపు వంచమన్నారు. వంచుదామంటే పొట్ట అడ్డం.

"కదలకండి ఆంటీ."

జీవితమంతా పిల్లల్ని కదలొద్దన్నదాన్ని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. "ఇంకా ఎప్పుడిస్తారమ్మా?" అని అడిగితే, "అయిపోయిందండి," అంది డాక్టరమ్మ. ఇన్నేళ్లు నేను భయపడింది ఆ చీమ కుట్టినదానికా!

కాళ్లలోకి వెచ్చదనం దిగింది. కాసేపటికి కాళ్లే లేనట్టయింది. దాంతో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చి, "నిద్ర మందు అక్కర్లేదు, మెలకువగానే ఉంటాను," అని ప్రకటించాను. పళ్లు లేని నోట అది ఎలా వినిపించిందో ఏమో. తెర అవతల మిషను ఒకటి గుర్రుమంది.

"అమ్మాయ్, ఆ మందేదో ఇచ్చెయ్యమ్మా!"

మళ్లీ కళ్లు తెరిచేసరికి అంతా అయిపోయింది.

"చప్పుళ్లేమైనా వినపడ్డాయా ఆంటీ?"

"ఏమీ వినపడలేదమ్మా."

"మాకు వినపడ్డాయండి," అంది, ఈసారి నవ్వుతూ.

వార్డులోకి తెచ్చాక దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చాను. వెచ్చగా, బరువుగా ఎవరిదో కాలు తగిలింది. "ఎవరిదే ఈ కాలు?" అని అరిచాను. పక్క మంచం వాళ్లు లేచి చూశారు. కాలు నాదేనట. చేతికి కాలు తెలుస్తోంది గానీ, కాలికి చెయ్యి తెలియడం లేదు.

కాలివేలి వంక చూస్తూ, కదులు, కదులు అని మనసులో గదమాయించాను. అది మాట వినలేదు. అప్పుడు నిజంగానే భయమేసింది. ఇది ఇలాగే ఉండిపోతే? పైకి అనలేదు కానీ నా మొహం చూసి చెల్లెలికి అర్థమైనట్టుంది. ఎగతాళి చెయ్యలేదు. నా అరికాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

"నాక్కూడా ఇలాగే భయమేసిందక్కా. వేళ్లు కదిలేదాకా కళ్లు మూసుకుని పడుకున్నా. నిద్రపట్టిందని అందరికీ చెప్పా."

పొద్దుగూకేలోపు బొటనవేలు కాస్త కదిలింది. ముందు చూసింది తనే. తర్వాత మడమ, పిక్క ఒక్కొక్కటే నా సొంతమయ్యాయి. వాటి వెనకే నొప్పీ వచ్చింది, కానీ ఓర్చుకోగలిగినంతే.

మర్నాడు వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నడిచాను. చెల్లెలు పక్కనే, తన కొత్త తుంటితో, నా నడకకు సరిపడేలా మెల్లగా అడుగులేసింది.