పంచకం తగిలిన ఇంట్లో అలారం

ఈ మధ్య కాలింగ్ బెల్ కొన్నవాళ్ళెవరూ కొనే ముందు దాన్ని ఒక్కసారైనా పూర్తిగా విన్నట్టు లేదు. మా ఎదురు ఫ్లాట్ వాళ్ళ బెల్ నొక్కితే ముందు ఒక పిట్ట కూస్తుంది, తర్వాత ఒక పసిపాప నవ్వుతుంది, ఆ తర్వాత ఒక శ్లోకం మొదలై చివరిదాకా వస్తుంది. తలుపు తీసినా ఆగదు. కొరియర్ అతను శ్లోకం అయ్యేదాకా పార్సిల్ పట్టుకుని భక్తిగా నిలబడతాడు. అసోసియేషన్ మీటింగులో దీని గురించి మాట్లాడితే నన్ను నాస్తికుడన్నారు. ఆ మాట వరకు నిజమే.

దయ్యాలను కూడా నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతికినవాడిని. దయ్యాలు సిలబస్‌లో లేవు. బెల్లుల మీద నాకున్న చిరాకుకి వేరే కారణం ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. పేర్లు మాత్రం మార్చాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పనిచేసేవాడిని. ఈ వారం ఎన్ని క్లాసులు జరుగుతాయో మా ప్రిన్సిపాల్‌కి తెలిసేది కాదు, బంద్‌కి పిలుపిచ్చేవాళ్ళకి తెలిసేది. మాది తెనాలి వైపు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. ఇద్దరికీ సరిపడే ఇల్లు వెతుకుతుంటే మెయిన్ రోడ్డు వెనక సందులో, గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు ఒకటి, అనుమానం వచ్చేంత తక్కువ కిరాయికి దొరికింది.

ఓనరు యాదగిరి గారు. పోచంపల్లి వైపు మగ్గం నేసే కుటుంబం. తండ్రి హయాంలోనే నగరానికి వచ్చి చీరల కొట్టు పెట్టుకున్నారు. సొంత ఇల్లు మాకిచ్చి ఆయన ఎల్బీ నగర్‌లో కిరాయికి ఉండేవారు. ఇదేం పద్ధతండీ అని అడిగితే దాచకుండా చెప్పారు.

పెద్దమ్మాయి శ్రావణి, పదో తరగతి, ఆ ఇంట్లో నిద్రలోనే చనిపోయింది. గుండె ఆగిందన్నారు. పోయిన నక్షత్రం మంచిది కాదు, ధనిష్ఠా పంచకం తగిలిందని పురోహితుడు చెప్పాడు. పంచకంలో ఎవరైనా పోతే ఆ ఇల్లు కొన్ని నెలలు ఖాళీ చేయాలి, చేయకపోతే అదే ఇంట్లో మరో చావు ఉంటుందని నమ్మకం. వీళ్ళు తాళం వేసి ఎల్బీ నగర్ వెళ్ళిపోయారు. గడువు ఇంకా తీరకముందే అక్కడ కొడుకు కిరణ్ కూడా నిద్రలోనే పోయాడు. ఇక పాత ఇంటి గడప తొక్కడానికి ఆయన భార్య బాలమణి గారు ఒప్పుకోలేదు. మిగిలింది చిన్నమ్మాయి స్వప్న ఒక్కతే.

"మీకు పట్టింపు లేదంటెనే ఉండుండ్రి సారూ. తర్వాత నన్ను అనొద్దు" అన్నారు యాదగిరి గారు.

మా అమ్మ చాలాసేపు ఆలోచించి, మంచినీళ్ళు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా అని అడిగింది. రోజూ వస్తాయన్నారు. పాలు పొంగించాం.

మొదటి వారం నుంచే నాకు తెల్లవారుజామున మెలకువ రావడం మొదలైంది. అందులో వింత లేదు. వింతంతా వచ్చే తీరులో ఉంది. ఏదో మోగుతుంటే లేవడం వేరు. నేను కళ్ళు తెరిచేసరికి ఏదీ మోగుతూ ఉండేది కాదు, అప్పుడే మోగి ఆగినట్టు ఉండేది. మామూలు నిశ్శబ్దం వేరు, అప్పటిదాకా తిరిగిన ఫ్యాను ఆగిపోయాక ఉండే నిశ్శబ్దం వేరు. ఇది ఆ రెండో రకం. ఎవరో చెయ్యి చాపి నొక్కేసినట్టు.

నా ఫోను రాత్రిపూట ఆపేసి చూశాను. ఫ్రిజ్ ప్లగ్ తీసి చూశాను. మసీదు అజాన్‌కూ దీనికీ సంబంధం లేదు, అది తర్వాత ఎప్పుడో వచ్చేది. గుడి మైకు ఇంకా తర్వాత. పక్కింటి వాళ్ళను అడిగితే, బంద్‌ల పుణ్యమా అని హాయిగా పడుకుంటున్నాం, అలారంతో మాకేం పని అన్నారు. కరెంటు పోయిన రోజు కూడా మెలకువ వచ్చింది. నిద్ర సరిగ్గా లేదని తేల్చుకుని పడుకునే ముందు కాఫీ మానేశాను. అమ్మకి ఏమీ చెప్పలేదు. చెప్తే ఇల్లంతా పసుపు నీళ్ళు చల్లుతుంది, తుడవాల్సింది నేను.

ఒకరోజు పొద్దున దోసెలు పోస్తూ అమ్మే మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఆ అలారం ఎవరిదిరా? రోజూ కాసేపు మోగించి నొక్కేస్తున్నారు. లేవనివాళ్ళు పెట్టుకోవడం దేనికి?"

మా అమ్మకి కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది దారిలో ఉంది. కుక్కర్ కూతలు నేను లెక్కపెట్టి చెప్పాలి. ఎలా మోగుతుందమ్మా అంటే, పాతకాలం గడియారంలా గణగణమని కాదు, పిక్ పిక్ మని సన్నగా, అంది. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నటి శబ్దాలే. ఈ విషయం నాకు తెలియకపోతే ఆ రోజు దోసె ఇంకొకటి తినేవాడిని.

ఆ వారంలోనే ఒక బంద్ వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. యాదగిరి గారు ఎల్బీ నగర్ నుంచి నడిచి వచ్చారు. గొడవల్లో ఆంధ్రావాళ్ళం భయపడుతున్నామేమో చూసి పోదామని. నా స్కూటర్ మీద జై తెలంగాణ స్టిక్కర్ ఒకటి స్వయంగా అంటించి, "మీరు అనకపోయినా బండి అంటది. పరేషాన్ గాకుండ్రి" అన్నారు.

అమ్మ టీ ఇచ్చి, నేను కనుసైగ చేస్తున్నా పట్టించుకోకుండా అడిగేసింది. "యాదగిరి గారూ, అటక మీద ఎక్కడైనా అలారం మర్చిపోయారా? తెల్లారకముందే పిక్ పిక్ మంటోంది."

ఆయన గ్లాసు కింద పెట్టారు.

"మా శ్రావణి పరీక్షలకని పెట్టుకునేటిదమ్మా. సెల్లుతోని నడిచే చిన్న గడియారం. గా దినం మోగింది, బందయింది. పిల్ల లేసింది, సదువుకుంటున్నది అనుకున్నం. వాళ్ళమ్మ చాయ్ తీస్కపోయి చూస్తే, చెయ్యి గడియారం మీదనే ఉండె."

అప్పటిదాకా ఆయన మాకు నిద్రలో పోయిందని మాత్రమే చెప్పారు. గడియారం మాట మా ముందు ఎవరూ ఎత్తలేదు. ఇది నేను మళ్ళీ మళ్ళీ ఆలోచించి రాస్తున్న మాట.

ఎల్బీ నగర్ వెళ్ళేటప్పుడు అక్క గుర్తుగా ఆ గడియారాన్ని తమ్ముడు తీసుకెళ్ళాడట. తలగడ పక్కన పెట్టుకుని పడుకునేవాడట. "వానికైతే మోగుతనే ఉండె. ఎవ్వలు బంద్ చెయ్యలే" అన్నారు యాదగిరి గారు. ఆ తర్వాత దాన్ని ఆయన మూసీలో పారేశారు. మూసీలో పడ్డాక కూడా పనిచేస్తుందని దాన్ని చేసిన కంపెనీ కూడా అనదు.

ఆయన బెంగ ఇప్పుడు స్వప్న గురించి. సందులో డప్పుల ఊరేగింపు పోతుంటే పక్కనే పటాకా పేలి ఒకసారి పడిపోయింది. పడుకున్నప్పుడు ఫోను మోగి ఇంకోసారి. ఫిట్స్ అని మాత్రలు వాడుతున్నారు. పురోహితుడేమో ఎల్బీ నగర్ ఇంటికి కూడా పంచకం తగిలింది, అదీ వదిలేయండి అన్నాడు. హయత్‌నగర్‌లో మూడో ఇల్లు చూసుకున్నారు. పాలు పొంగించడానికి ముహూర్తం కూడా పెట్టుకున్నారు.

మా అక్క అప్పుడు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. ఆ ఆదివారం భోజనానికి వస్తే ఇదంతా నవ్వులాటగానే మొదలుపెట్టాను. చెవిటి అమ్మ, కనపడని అలారం అని. అక్క నవ్వలేదు. అమ్మ విన్న అలారం సంగతి అసలు పట్టించుకోలేదు. ఆమె పట్టుకున్నది ఇంకొకటి.

"మోగినప్పుడేనా? ఇద్దరూనా?"

అవునన్నాను.

"ఇద్దరు పిల్లలు నిద్రలో పోతే ముందు ఇంటినే అనుమానించాలిరా. గీజరు గ్యాసు, దోమల మందు పొగ, తిండి. కానీ వీళ్ళు ఇల్లు మారారు. పొయ్యి మారింది, నీళ్ళు మారాయి. మారనిది వాళ్ళ ఒళ్ళే కదా. గుండె కండ మందంగా ఉండి పోయేవాళ్ళు ఎక్కువగా పరుగెత్తేటప్పుడు పోతారు. నిజంగా ఫిట్సే కావచ్చు కూడా. కానీ మోగినప్పుడు అంటున్నావు చూడు..."

ఆ తర్వాత నాకు పాఠం చెప్పింది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్ళీ కొట్టుకునే ముందు లోపలి కరెంటు సర్దుకోవాలి. కొందరికి పుట్టుకతోనే అది సర్దుకోవడం ఆలస్యం. మామూలప్పుడు ఏమీ తెలియదు. నిద్రలో ఉండగా చెవి పక్కన హఠాత్తుగా ఏదైనా మోగితే లయ తప్పుతుంది. మనిషి పడిపోతాడు, చూసేవాళ్ళకి ఫిట్స్ లాగే ఉంటుంది. ఒక్కోసారి లేవడు. తల్లి నుంచో తండ్రి నుంచో పిల్లలకు వస్తుంది. లాంగ్ క్యూటీ అంటారట. ఈసీజీలో చాలాసార్లు కనిపిస్తుంది, ఎవరైనా దాని కోసం వెతికితే.

"ఈ రోజే వాళ్ళింట్లో ఫోన్లన్నీ సైలెంట్‌లో పెట్టించు. పిల్లని, అమ్మానాన్నల్ని రేపు తీసుకురా" అంది.

ఇల్లు ఖాళీ చేయడం తప్ప వాళ్ళు చేసిందేమీ లేదు. పురోహితుడి మాట ప్రకారం ప్రమాదాన్ని తాళం వేసి వెనక వదిలేశారు. అది మాత్రం వాళ్ళతోపాటే ఆటో ఎక్కి ఎల్బీ నగర్ వెళ్ళింది. ఇప్పుడు హయత్‌నగర్ వెళ్ళడానికి సిద్ధంగా ఉంది.

సాయంత్రం స్కూటర్ మీద ఎల్బీ నగర్ వెళ్ళాను. సామాను సగం మూటలు కట్టి ఉంది. ఫోన్లు సైలెంట్‌లో పెట్టించడం తేలికగానే అయింది. ఆసుపత్రి మాట ఎత్తేసరికి బాలమణి గారు తల అడ్డంగా ఊపారు. ఫిట్స్ డాక్టరు ఉండనే ఉన్నాడు, ముహూర్తం దాటితే మళ్ళీ మంచి రోజులు లేవు అన్నారు. నేను నా వృత్తి నైపుణ్యమంతా ఉపయోగించి గుండె, కరెంటు, లయ అన్నీ చెప్పాను. పక్కన స్వప్న తన పుస్తకాలు తాడుతో కట్టుకుంటూ వింటోంది. వాళ్ళమ్మ మాత్రం వినలేదు. నా క్లాసులో ఆఖరి బెంచీ ముఖాలు నాకు బాగా తెలుసు.

చివరికి యాదగిరి గారే అన్నారు. "సారు వాళ్ళకు గా ఇంట్ల శ్రావణి గడియారం ఇనొస్తున్నదట."

ఆమె నా వైపు చూశారు. "ఎట్ల ఇనొస్తది?"

నా జీవితంలో అంతకుముందు ఎప్పుడూ చేయని పని చేశాను. దయ్యం కథ ఒకటి పూర్తిగా, సీరియస్‌గా చెప్పాను. మోగి ఆగడం, ఎవరో నొక్కినట్టుండడం, మా అమ్మ చెవులు, పిక్ పిక్. విన్నాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "రేపు ఎన్నింటికి పోవాలె" అన్నారు.

స్వప్న ఈసీజీలో అక్క అనుకున్నదే ఉంది. బాలమణి గారి ఈసీజీలో కూడా, కొంచెం తక్కువగా. చిన్నప్పటి నుంచి ఆమెకు ఉలిక్కిపడితే కళ్ళు తిరిగేవట. పిరికిది అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. గుండె డాక్టర్లు చూసి ఇద్దరికీ మాత్రలు రాశారు. కొన్ని రకాల మందులు వాడకూడదన్నారు. పోయిన పిల్లల గురించి అక్క ఏదీ ఖాయంగా చెప్పలేదు. వాళ్ళకి అప్పట్లో ఏ పరీక్షా చేయలేదు, ఇదే అయ్యుండొచ్చు అని మాత్రం అంది. హయత్‌నగర్ ఇల్లు మానుకున్నారు. ఇంట్లో అలారం లేదు, బెల్ లేదు. స్వప్నను పాదం నిమిరి లేపేవారు. ఆ అమ్మాయి మళ్ళీ పడిపోలేదు.

మా ఇంట్లో ఆ మెలకువ ఎప్పుడు ఆగిందో సరిగ్గా చెప్పలేను. నాకు వినిపించేదే ఒక శబ్దం ఆగడం. అది కూడా ఆగిపోతే గుర్తుపట్టడం కష్టం. ఒకరోజు అమ్మ, పక్కింటివాళ్ళు ఇప్పుడు బుద్ధిగా పడుకుంటున్నారు, అంది. అప్పటికే కొన్నాళ్ళయి ఉంటుంది.

అక్కని అడిగితే అమ్మకి చెవిలో హోరు, నీకు కలత నిద్ర అంటుంది. కావచ్చు. రెండూ ఒకే వేళకి, ఒకే ఇంట్లో, మూసీలో పడి ఉన్న గడియారం గొంతుతో ఎందుకు వచ్చాయో ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేను. కళ్ళాపి చల్లేవాళ్ళ దగ్గర్నుంచి ఇన్వర్టర్ల దాకా అన్నీ ఆలోచించాను. ఏదీ సరిపోవడం లేదు. జవాబు రాకపోతే లెక్కే తప్పని మా స్టూడెంట్లు అంటారు. నాకు ఆ సౌకర్యం లేదు.

ఆ తర్వాతి వేసవిలో నాకు వేరే ఉద్యోగం వచ్చి ఇల్లు ఖాళీ చేశాం. తాళం తీసుకోవడానికి యాదగిరి గారితో బాలమణి గారు కూడా వచ్చారు. ఇంటికి తాళం వేసి వెళ్ళాక ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. స్వప్న మేడ మీద మామిడి ఒరుగులు తీయడంలో మా అమ్మకి సాయం చేస్తోంది. బాలమణి గారు ఖాళీ గదిలో గోడకి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. నిజంగా వినపడిందా సారూ అని అడిగారు. వినపడింది అన్నాను. అబద్ధం ఆడడానికి అప్పటికి వీల్లేకుండా పోయింది. ఆ మాట మీదే కదా ఆమె ఆసుపత్రికి వచ్చింది.

ఆమె ఏడవలేదు. లెక్క తేలినట్టు తల ఊపి అన్నారు.

"మేం ఇల్లిడిశి పోకుంటె గా గడియారం మాకే ఇనొస్తుండె. నా కొడుకు బతుకుతుండె."