రేకుల మీద కట్టిన యాంటెన్నా

రాష్ట్ర విభజన తర్వాత ఒక అక్టోబరులో, రిటైర్మెంటుకు ఏడాది ముందు, నన్ను వరద డ్యూటీ మీద కొండాపురం పునరావాస కాలనీకి వేశారు. హోదా వైర్‌లెస్ ఎస్సై. సొంతంగా అమెచ్యూర్ రేడియో లైసెన్సు కూడా ఉండేది కాబట్టి ఫోన్లు మూగబోయిన చోటికల్లా నన్నే పంపేవారు.

యాంటెన్నాకు కేబులు కలిసే చోటును ఫీడ్‌పాయింట్ అంటాం. అక్కడ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, యాభై ఓమ్‌ల దరిదాపుల్లో ఉండాలి. లేకుంటే పవరు వెనక్కి తిరుగుతుంది, సెట్టు తనను కాపాడుకోవడానికి పవరు తగ్గించేసుకుంటుంది. ముందురోజు పులివెందులలో, ఖాళీ మైదానంలో, యాంటెన్నాగా కట్టే తీగను కొలిచి, కత్తిరించి, టేపు గుర్తులు పెట్టాను. కొలిచింది కొలిచినట్టే ఉంటుందన్న ధీమాతో మర్నాడు పొద్దున కాలనీలో రేకుల కప్పుకు మూరెడెత్తున కట్టేశాను. ఇంపెడెన్సు కొలిచే మీటరు సంచిలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం రెండు దాటాక గొర్రెల కాపరి ఓబులేసు పరుగున వచ్చాడు. మూడింటికి జలాశయం గేట్లు ఎత్తుతారని అప్పుడే చాటింపు వేశారు.

"సార్, మా తమ్ముడు జమ్మలమడుగు కాడ ఏట్లో ఉండాడు. ఇసకదిబ్బ మీద గొర్రెలు మేపుతాండాడు. ఎట్టన్నా చెప్పు సార్" అన్నాడు.

జమ్మలమడుగు ఆపరేటరును పిలిచాను. ఆయన గొంతు నాకు స్పష్టంగా వినిపిస్తోంది. నా మాట ఆయనకు చేరడం లేదు. కొండాపురం, ఉన్నారా అని అడుగుతూనే ఉన్నాడు. నాకు భయం వేసింది. ఆయన పిలిచిన ప్రతిసారీ వాచీ చూసుకున్నాను. పది నిమిషాలు సెట్టునూ బ్యాటరీనీ అనుమానించి, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు, అప్పుడు మీటరు తగిలించాను. పది ఓమ్‌లు కూడా లేవు. పక్కనే ఉన్న ఇనుపరేకులు ఇంపెడెన్సును కిందికి లాగేశాయి.

తీగను రేకులకు దూరంగా, ఎత్తుగా కట్టాలన్నాను. ఓబులేసు మేతకు కొమ్మలు వంచే దోటికర్రలు రెండు తెచ్చి తాళ్లతో జోడించాడు. వాటిని ఆరుబయట నిలబెట్టి, తీగ కొసలు రెండువైపులా కిందికి దించి కట్టాం. మీటరు నలభై ఎనిమిది చూపింది. మూడుకు ఆరు నిమిషాలు తక్కువ.

ఈసారి జవాబు వచ్చింది. సంగతి చెప్పగానే అక్కడివాళ్లు గేట్లు కాసేపు ఆపించి మనిషిని ఒడ్డుకు చేర్చారు. గొర్రెలను దాటించడానికి టైము చాలలేదు. సగం మంద ఏటిపాలైంది.

మనిషి దక్కినాడు, అంతే చాలని ఓబులేసు నాకు దండం పెట్టబోయాడు. ఆపి, తీగ కట్టగానే మీటరు పెట్టి చూడని సంగతి నేనే చెప్పాను. అతను సంచి వైపు చూశాడు.

"అది పొద్దున్నించీ ఈడే ఉండిందా సార్?"

ఉందన్నాను.

తీగ పొడవు మారకపోయినా, ఎత్తు, కింది నేల, చుట్టూ ఉన్న ఇనుము మారితే ఇంపెడెన్స్ మారుతుంది. యాంటెన్నాను కట్టిన చోటే కొలవాలి, అవసరం పడకముందే కొలవాలి.