ఉత్తరంలో వచ్చిన కొలతలు

టైలరమ్మ పొడుగు. ఎంత పొడుగంటే, చిన్నప్పుడు బళ్ళో అందరూ నిచ్చెన అని పిలిచేవాళ్ళు. ఫ్యాను మీద బూజు దులపాలంటే టీచరు ఆమెనే లేపేది. పెద్దయ్యాక, సంబంధమని వచ్చినవాళ్ళు కూర్చున్నంతసేపూ బాగానే మాట్లాడి, ఆమె లేచి నిలబడగానే గడియారం చూసుకునేవాళ్ళు. దాంతో ఆమెకి కాస్త వంగి నిలబడటం అలవాటైపోయింది. ఎవరూ లేనప్పుడు అద్దం ముందు కూడా వంగేది. అద్దం ఏమనుకుంటుందనో ఏమో! ముప్పై దాటాక ఆ ఊసే మానేసి, అన్నావదినల ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని హాయిగా బతుకుతోంది. హాయిగా అని ఆమే అనేది కాబట్టి మనం కాదనకూడదు.

అలాంటి మనిషి బతుకులోకి ఒక పాత కోటు వచ్చింది. చేతి కింద చిరిగింది. ఆ రంగు దారం ఊళ్ళో ఏ దుకాణంలోనూ దొరకలేదు. కోటు లోపలి అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి, కాగితానికి గుండుసూదితో గుచ్చి, ఎక్కడో దూరంలో ఉన్న, దారాలూ బట్టలూ చేసే మిల్లుకి పోస్టులో పంపింది. జవాబుగా రెండు ఉండలు వచ్చాయి, చీటీతో సహా.

"ఒకటి పగటి వెలుతురులో కలుస్తుంది. రెండోది దీపం వెలుతురులో కలుస్తుంది. ఆ కోటు ఎక్కువగా ఎప్పుడు తొడుక్కుంటారో మీరు రాయలేదు."

ఆ చీటీ చదివి టైలరమ్మ మిషను ఆపేసింది. ఇన్నేళ్ళ వృత్తిలో ఆమెని ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. దారం సరిపోయిందని ఒక్క ముక్క రాస్తే చాలు. ఆమె రెండు పేజీలు రాసింది. ఆయన నాలుగు రాశాడు. మిల్లులో రంగులు కలపడం ఆయన పని. అందుకని వదిన ఆయనకి రంగులాయన అని పేరు పెట్టింది.

ఇక చూడాలి సంబరం. వీధి మొదట్లో పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, మిషను మీద ఆమె కాలు పరుగు అందుకునేది. ఒకసారి ఆ ఊపులో ఎవరిదో జాకెట్టు చెయ్యి తిరగేసి కుట్టేసింది. "పనిలో పనిగా మూడో చెయ్యి కూడా కుట్టెయ్, ఉత్తరాలు రాసుకోవడానికి పనికొస్తుంది," అంది వదిన.

అవతల ఆయన పరిస్థితీ అంతంతమాత్రమే. ఒక ఉత్తరంలో గుడ్డముక్క గుచ్చి పంపాడు. అది పచ్చా కాదు, నీలమూ కాదు, చూస్తే జాలేసే రంగు. "మీ ఉత్తరం చదువుతూ తొట్టి దగ్గర నిలబడ్డాను. ఒక తొట్టెడు బట్ట ఇలా తయారైంది. మా మేనేజరు దీనికి పేరు పెట్టమన్నాడు, నాకు మీ పేరు తప్ప ఇంకేం గుర్తుకు రాలేదు," అని రాశాడు. ఆ ముక్క చేతిలో పెట్టుకుని టైలరమ్మ చాలాసేపు కూర్చుంది. ప్రేమంటే ఇదేనన్నమాట అనుకుంది. ఒళ్ళంతా వేడెక్కి, లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

ఫోటోలు వద్దనుకున్నారు. పొడుగు సంగతి ఆమె రాయలేదు. చాలాసార్లు రాయబోయి కలం మూత పెట్టేసింది.

చివరికి, చొక్కా కుట్టి పంపుతాను, కొలతలు రాయండి అని అడిగింది. కొలతలు వచ్చాయి. అవి చదువుతుంటే టైలరమ్మ గుండె ఎగిరి గంతేసింది. ఆ భుజాలు, ఆ చేతుల పొడుగు! బట్ట బల్ల మీద పరిస్తే అంచులు దాటి కిందికి వేలాడింది. కుట్టడం అయ్యాక చొక్కాని గోడకి, ఆయన ఎత్తు అంచనా వేసి మరీ తగిలించి, పక్కనే నిలబడింది. కాలరు చూడాలంటే తలెత్తాల్సి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఒక మగాడి చొక్కాని ఆమె తలెత్తి చూడటం అదే మొదలు. సంతోషం పట్టలేక ఆ మాటే ఉత్తరంలో రాసి, చొక్కాతో పంపేసింది.

చొక్కా అందింది, చాలా బాగుంది అని జవాబు వచ్చింది. ఎప్పుడూ లేనిది, ఒకే పేజీ. కానీ దాంట్లోనే, సెలవు దొరికింది, మీ ఊరు వస్తున్నాను, ఆ చొక్కాయే వేసుకుంటాను, గుర్తుపట్టండి అని ఉంది. అన్నయ్య ఒకటే మాట అన్నాడు. "వెళ్ళి చూసి రా. ఉత్తరాల్లో మనిషీ, ఎదురుగా ఉన్న మనిషీ ఒకడేనో కాదో నువ్వే తేల్చుకో. అవునంటే అవును, కాదంటే కాదు. మళ్ళీ నేను అడగను."

వదినని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళింది. రైలు వచ్చింది. టైలరమ్మ అందరి తలల మీదుగా చూస్తోంది. భారీ మనిషి కనిపిస్తే చాలు, కళ్ళు అక్కడే. ఒక పోలీసాయన్ని ఎంత దీక్షగా చూసిందంటే, ఆయన టోపీ సర్దుకుని ఇటే రాబోయాడు. వదిన చెయ్యి పట్టుకుని పక్కకి లాగేసింది. జనం పలచబడ్డారు. ఆ చొక్కా ఎక్కడా లేదు.

"రాలేదు వదినా," అంది టైలరమ్మ.

"అటు చూడు," అంది వదిన. "నీ చొక్కా నడిచొస్తోంది."

నిజమే. బెంచీ దగ్గర ఒక బక్కపల్చటి మనిషి, సంచీలోంచి చొక్కా తీసి, వేసుకున్న చొక్కా మీదే తొడుక్కుని వస్తున్నాడు. భుజాలు మోచేతుల దాకా జారాయి. చేతులు ఎక్కడున్నాయో ఆయనకే తెలియాలి. దగ్గరికి వచ్చి ఆగాడు. ఆమె భుజం దాకా ఉన్నాడు, అంతే. నిజం చెప్పొద్దూ, టైలరమ్మకి ఒక్క క్షణం ఉసూరుమంది. అలవాటు కొద్దీ వంగింది.

"ఈ కొలతలు ఎవరివండీ?" అంది.

"నావేనండీ. ఉతికితే కుదించుకుపోతుంది కదా, మిల్లులో ఏ కొలతకైనా ఇంత అని కలిపి రాస్తాం. చెయ్యి దానంతటదే కలిపేసింది."

"కలిపేది టైలరండీ. బట్ట తడిపి ఆరేశాకే కత్తిరించాను. ఆపైన వదులుకని నేనూ కలిపాను."

వదిన నవ్వాపుకోలేక అటు తిరిగింది.

"చొక్కా రాగానే చెప్పొచ్చు కదా?"

"ఎలా చెప్పనండీ? తలెత్తి చూశానని రాశారు. అది చదివాక అసలు రావడమే మానేద్దామనుకున్నాను. వచ్చి, ఇందాకటి నుంచీ అక్కడే కూర్చున్నాను. అందరి చొక్కాలూ చూస్తుంటే మీరేనని తెలిసిపోయింది. మీరు ఎలాంటివాళ్ళ కోసం వెతుకుతున్నారో చూస్తూనే ఉన్నాను. అయినా మిమ్మల్ని దగ్గర్నుంచి చూడకుండా పోలేకపోయాను."

ఉత్తరాల్లో మాట్లాడే గొంతు అదే. ఏ మాటా దాచుకోలేని గొంతు. టైలరమ్మ మనసు కరిగి నీరైపోయింది. ఏం చెయ్యాలో తోచక, చేతనైన పని చేసింది. సంచీలోంచి టేపు తీసింది. "నిలబడండి," అని ఆ వదులు చొక్కా విప్పించి, ఛాతీ చుట్టూ టేపు తిప్పింది.

"ఊపిరి బిగబట్టారు," అంది.

"లేదండీ," అన్నాడాయన, బిగబట్టిన గొంతుతోనే.

"వదలండి. మీరెంత ఉంటే అంతే కుడతాను."

ఆయన ఊపిరి వదిలాడు. టేపు వదులైంది. అప్పుడు ఆయన ఆమె మొహంలోకి చూశాడు.

"మరి మీరెందుకు వంగారు? నిటారుగా నిలబడండి. మిమ్మల్ని చూడాలంటే మెడ నేనెత్తుకుంటాను."

ఆమెకి కళ్ళు చెమర్చాయి. నెమ్మదిగా నడుం తిన్నగా చేసి, తన ఎత్తంతా నిలబడింది. ఆయన మెడెత్తి, నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు.

"మీ అన్నయ్యకి ఏం చెప్పమంటావమ్మా?" అంది వదిన.

"అవునని చెప్పు," అంది టైలరమ్మ, వంగకుండానే.