మావగారు బాగుచేయించిన గట్టు

ఇవాళ ఉదయం కాఫీ చల్లారకుండానే ఫోను టింగుమంది. ఎక్కడో మడ అడవిలో చెట్టుకు కట్టి వచ్చిన కెమెరా నీళ్ళలో చేపలు పట్టుకు తినే ఒక బావురు పిల్లిని ఫొటో తీసి, ఆ క్షణమే నా చేతిలోకి పంపించేసింది. ఫొటో చక్కగా ఉంది. పిల్లి ఉంది, బురద ఉంది, వెనక నీళ్ళున్నాయి. అయినా ఏదో వెలితి. కాసేపటికి గానీ తట్టలేదు, ఫొటోలో మా మావగారు లేరు.

మా మావగారిది అల్లవరం దగ్గర పల్లె. కాస్త కొబ్బరితోట, కొంత వరిచేను, తొంభైల్లో అందరితోపాటు ఆయనా తవ్వించిన చేపల చెరువు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, ఎదటివాళ్ళు చంటిపిల్లలైనా సరే ‘అండీ’ అనకుండా మాట ముగించేవారు కాదు. నాకు పిల్లనిచ్చేనాటికి నేను కాకినాడలో ఒక ఫ్యాక్టరీలో మీటర్లూ గేజీలూ చూసుకునే ఇంజినీరుని. బస్సులో ఆయన పక్కన కూర్చున్న పాపానికి, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా అమలాపురం చేరేలోగా నా ఉద్యోగం సంగతి పూర్తిగా తెలుసుకుని దిగేవారు. అలాంటి మనిషికి, నేను జీతం లేని సెలవు పెట్టి పిల్లుల వెంట తిరుగుతున్నానని ఎలా చెప్పను? మా ఆవిడ “మా నాన్నకి మీరే చెప్పుకోండి, నా వల్ల కాదు” అని చేతులు దులిపేసుకుంది.

నన్నడిగితే తప్పంతా మడ అడవులదే. చిన్నప్పట్నుంచీ బొమ్మలు వేసే పిచ్చి ఉండడంతో, ఆదివారాలు పక్షుల బొమ్మలు వేసుకోవడానికి అటు వెళ్ళేవాణ్ణి. అక్కడ జంతువుల మీద పరిశోధన చేసే ఒక బృందం తగిలింది. వాళ్ళ పరికరమేదో మొరాయిస్తే బాగుచేసిపెట్టాను. బాగుచేసినవాణ్ణి ఎవరైనా వదులుతారా? చివరికి ఆ బృందం పెద్దాయన ఓ మాట చెప్పారు. మనుషులు మసిలే చేపల చెరువుల మీద కూడా బావురు పిల్లి బతుకుతోందని ఫొటోతో రుజువు చేస్తే నాకు అక్కడే ఉద్యోగం. ఆ పిల్లుల్లో ఏ రెండింటికీ మచ్చలు ఒకలా ఉండవు కాబట్టి, ఒంటి మచ్చలు స్పష్టంగా కనబడాలి. నా సెలవు ముగిసేలోగా ఆ ఫొటో రాకపోతే మళ్ళీ ఫ్యాక్టరీయే. ఫ్యాక్టరీ నన్నేమీ బాధపెట్టలేదు, జీతం ఠంచనుగా ఇచ్చేది. కానీ ఆ గేటు తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.

మావగారు అంతా విని “ఆయ్, అలాగేనండీ” అన్నారు. ఊళ్ళో మాత్రం ఎవరడిగినా “లీవులో ఉన్నారండీ” అని చెప్పేవారు. అంత సుదీర్ఘమైన లీవు ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. నాకేదో జబ్బు చేసిందని అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అయితే ఆ పెద్దమనిషే ఓ రోజు ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి, “మన చెరువు మీదకి బావురు పిల్లి వస్తోందండీ, జమ్ముగడ్డిలో దూరడం నేనే చూసేను. మీరు వచ్చేయండి” అన్నారు. అప్పటికి నేనొక యంత్రం తయారుచేశాను. కంటికి కనబడని కిరణానికి ఏదైనా అడ్డువస్తే కెమెరా తనంతట తనే నొక్కుకుంటుంది. అందులో రీలు కెమెరా, ఫ్లాషు, బ్యాటరీ, అన్నీ ఓ ప్లాస్టిక్ బిస్కెట్ల డబ్బాలో.

డబ్బా పట్టుకుని బస్సు దిగి నేరుగా చెరువు దగ్గరికి వెళ్ళాను. అల్లుడు గట్టు మీద తిరుగుతాడని ఆయన మనుషుల్ని పెట్టి జమ్మూ తుంగా మొదలంటా కోయించేశారు. గట్టు చదునుచేయించి, సున్నం చల్లించి, నేను కూర్చోవడానికి ఓ ప్లాస్టిక్ కుర్చీ కూడా వేయించారు. పిల్లి ఇల్లు తీసేసి నాకు పందిరి వేసినట్టుంది వ్యవహారం. “ఇదివరకు పాములుండేవండీ. ఇప్పుడు మీరు చెప్పుల్లేకుండా తిరగొచ్చు” అన్నారు ఎంతో తృప్తిగా. నాకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. డబ్బా ఓ రాటకు కట్టి, “మావయ్యగారూ, దీనికి ఎవరూ అడ్డురాకుండా చూడండి” అని చెప్పి, బృందం పని మీద వెళ్ళిపోయాను.

తిరిగి వచ్చేసరికి సెలవు చివరికొచ్చింది, రీలు అయిపోయి ఉంది. ఆశగా చూశాను. “ఒక్కరు కూడా అడ్డురాలేదండీ. రోజూ పొద్దున్నా సాయంత్రం నేనే వెళ్ళి దాని ముందు నిలబడి చూసొచ్చేవాణ్ణి. నన్ను చూడగానే పాపం తళుక్కుమనేది” అన్నారు మావగారు. డబ్బా విప్పి రీలు బయటికి తీశాను.

ఇద్దరం అమలాపురం వెళ్ళి స్టూడియోలో రీలు కడగడానికిచ్చాం. స్టూడియో ఆయన ఓసారి కరెంటు లేదన్నాడు, ఓసారి కాగితం అయిపోయిందన్నాడు, ప్రతిసారీ “రేపు రండి” అన్నాడు. ఆ రేపు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. తీరా కవరు చేతికొచ్చాక బల్ల మీద ఒక్కొక్కటే తిప్పాను. గొడుగుతో మావగారు. తువ్వాలు సర్దుకుంటున్న మావగారు. డబ్బాలోకి వంగి చూస్తున్న మావగారి ముక్కు. అడ్డంగా మావగారు, నిలువుగా మావగారు. ఇక ఫ్యాక్టరీకి ఏ బస్సు పట్టుకోవాలా అని లెక్కలేసుకుంటూ ఆఖరివాటిలో ఒకటి తిప్పాను.

బావురు పిల్లి! నోట్లో చేప, నున్నటి గట్టు మీద తాపీగా నడుస్తోంది. పక్కన కుర్చీ. మధ్యలో ఒక్క గడ్డిపోచ అడ్డులేదు, ఒంటి మీద మచ్చలు ఏ మచ్చకామచ్చ లెక్కపెట్టుకునేలా ఉన్నాయి. జమ్ము ఉండి ఉంటే నాకు దక్కేది మహా అయితే తోక. గుండెల మీది కుంపటి దించినట్టయింది. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. మావగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, “కుర్చీ మీకని వేయిస్తే అదొచ్చిందండీ” అన్నారు.

తిరుగు బస్సులో పక్క సీటాయన ఎప్పటిలాగే దొరికిపోయాడు. మావగారు ఫొటో తీసి చూపించి, “మా అల్లుడుగారండీ. పిల్లుల ఇంజినీరు” అన్నారు. లీవు మాట ఎత్తలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను, గాలి చల్లగా తగిలింది. కొత్త ఉద్యోగం కాగితం తరవాతెప్పుడో వచ్చింది గానీ, నా మటుకు ఆ ఉద్యోగం ఆ బస్సులోనే ఖాయమైపోయింది.

ఆ పిల్లి బొమ్మ మచ్చమచ్చా సిరాతో వేస్తే, మావగారు పటం కట్టించి మా పెళ్ళిఫొటో పక్కన తగిలించారు. ఈనాటికీ నేను వేసే ప్రతి పిల్లి బొమ్మకూ అదే మొదలు. అయితే ఆల్బం తీసినప్పుడు మా ఇంట్లో ఎవరూ ముందు పిల్లిని చూడరు. గొడుగూ తువ్వాలూ ముక్కూ ఉన్న ఆ దండగ ఫొటోల దగ్గరే ఆగిపోతారు, నాతో సహా. కాలమూ ఆ స్టూడియో ఆయనలాంటిదే, రేపు రండి రేపు రండి అని తిప్పి తిప్పి, ఎన్నాళ్ళకో గానీ మన రీలు కడిగి చేతికివ్వదు.