రెండు బోర్లు, నాలుగు గళ్ళు

2022 చలికాలం. దర్శిలో పీజీ పిల్లలకు గణితం చెబుతూ అప్పటికే నా తల నెరిసింది. నా పాఠం ఈక్విలిబ్రియం, అంటే సమతౌల్యం. ఎవరి నిర్ణయం వాళ్ళు తీసుకున్నాక, 'ఇంకోలా చేసుంటే బాగుండేది' అని ఏ ఒక్కరికీ అనిపించని స్థితి. దాన్ని వెతికే ముందు అసలు ఉందో లేదో తేల్చాలి. అలా తేల్చేది ఎగ్జిస్టెన్స్ థీరమ్. బయటివాళ్ళకు ఇది పనిలేని పనిలా కనిపిస్తుంది.

ఒకరోజు క్లాసయ్యాక లావణ్య అనే విద్యార్థిని ఆగింది. వాళ్ళ నాన్న కోటేశ్వరరావుకూ, పెదనాన్న సుబ్బారావుకూ పక్కపక్కనే మిరప చేలు, చెరో బోరు. కరెంటు ఉదయం ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. ఒక్కో మోటారు రోజుకు ఒక్క విడతే ఆడాలని ఊరి కట్టుబాటు. పెదనాన్న మోటారు బాగా లోతున ఉంది. ఇద్దరూ ఒకేసారి వేస్తే నీళ్ళన్నీ ఆయనకే, తమ్ముడి బోరు గాలి కొడుతుంది. అందుకని తమ్ముడు విడత మార్చి తప్పించుకునేవాడు. తమ్ముడి నీళ్ళూ తనకే రావాలని అన్న వెంటనే ఆ విడతకే వచ్చేవాడు. పెద్దమనుషులు కుదిర్చిన ఒప్పందం వారం తిరక్కుండా చెడింది. పూత మీదున్న తమ్ముడి చేను వాడిపోతోంది. రెండిళ్ళకూ మాటల్లేవు.

"మావాళ్ళకి సరిపడే ఒప్పందం ఏదో ఒకటి ఉంటది కదా మేడం?" అంది.

ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. అన్నదమ్ములు వరండాలో చెరో చివర కూర్చున్నారు. లావణ్య సుద్దముక్కతో నేల మీద నాలుగు గళ్ళు గీసింది. ఇద్దరూ ఉదయం, ఇద్దరూ మధ్యాహ్నం, అన్న ఉదయం తమ్ముడు మధ్యాహ్నం, అన్న మధ్యాహ్నం తమ్ముడు ఉదయం. ఏ గడిలో ఆగినా ఇద్దరిలో ఒకరికి పక్క గడిలోకి పోవాలనే ఉంటుంది. అంటే సమతౌల్యం లేదు. లేనిదాన్ని కుదర్చబోయి, ఇద్దర్నీ మాట తప్పేవాళ్ళని తిట్టిపోసిన పెద్దమనుషుల మీద నాకు కోపం వచ్చింది.

"రోజూ ఎవరికి వారు గుట్టుగా బొమ్మాబొరుసూ వేసుకుని విడత ఎంచుకుంటే మాత్రం సమతౌల్యం ఉంటుందండి. థీరమ్ ఆ హామీ ఇస్తుంది" అన్నాను.

సుబ్బారావు లావణ్య వైపు తిరిగాడు. "అట్టా చేస్తే మీ నాన్న చేనుకి నీళ్ళొస్తయ్యా అమ్మా?"

"సగం రోజులు రావు పెదనాన్నా."

"మరి నాకో?"

"నీకు రోజూ వస్తయ్. ఆ సగం రోజులు మా నాన్నవి కూడా నీకే."

నేను అంత ధీమాగా చెప్పిన హామీకి నాకే సిగ్గనిపించింది. సుబ్బారావు ఆ గళ్ళకేసి చూసి, తమ్ముడి వైపు తిరిగాడు.

"ఒరేయ్ కోటీ, నీ మోటారు ఎంత లోతులో ఉందిరా?" అన్నాడు. నెలల తర్వాత తమ్ముణ్ణి పేరు పెట్టి పిలవడం అదే.

మర్నాడు మెకానిక్‌ను పిలిపించి, పైపులు విప్పించి, తన మోటారును తమ్ముడి మోటారు లోతుకు పైకి లేపించాడు. ఇప్పుడు ఒకేసారి వేస్తే ఇద్దరికీ తక్కువే. చెరో విడత వేసుకుంటే ఇద్దరికీ నిండుగా వస్తాయి. విడత మార్చాలని ఎవరికీ లేదు, కాపలా ఉండాల్సిన పనీ లేదు.

పరిష్కారం ఉందని థీరమ్ చెబుతుంది, అది న్యాయమైనదో కాదో చెప్పదు. ఈ మాట ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ చెబుతున్నాను. న్యాయమైనది కావాలంటే మాత్రం, పైచేయి ఉన్నవాడు ముందు తన పైపులు విప్పుకోవాలి.