అన్న బొమ్మల జట్టుకు రంగులు

ఆ బొమ్మలకు నేను రంగులు వేసింది రంగుల మీద ఇష్టంతో కాదు, అన్న పక్కన కూర్చోవడానికి. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు.

మూడేళ్ల తర్వాత అన్న దుబాయి నుంచి సెలవు మీద కోరుట్లకు వచ్చాడు. వచ్చాడన్న మాటే గానీ ఇంట్లో నిలిచింది లేదు. కొండగట్టు మొక్కు, సిరిసిల్లలో మేనత్త ఇల్లు, జగిత్యాలలో దోస్తులు. ఎదురుపడితే "తిన్నవా?" అంటాడు. "తిన్న" అంటాను. అంతకు మించి నాకు మాట పెగలదు. ఈసారీ ఇట్లాగే వెళ్లిపోతాడేమోనని లోపల గుబులు.

ప్రయాణం ఇంక నాలుగు రోజులుందనగా ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో వేలెడంత ప్లాస్టిక్ బొమ్మలు పన్నెండు. గొడ్డళ్లు పట్టిన మరుగుజ్జులు, కోరల రాక్షసులు, ఒక మంత్రగత్తె. బల్ల మీద ఆడే ఏదో యుద్ధం ఆటలో అది అన్న జట్టు. సెలవు రోజు దుబాయిలో వాళ్ల గదిలో అందరూ తలా ఒక జట్టుతో ఆడతారట. బొమ్మలన్నీ ఒకటే బూడిద రంగు.

"నేను పోయేలోపు రంగులేస్తవా చెల్లె?"

తలూపాను. రంగులు, సన్న కుంచెలు తనే జగిత్యాల నుంచి తెచ్చాడు.

మొదటి రోజంతా ఒక్క మరుగుజ్జుతోనే గడిచింది. గడ్డం, బెల్టు, బూట్లు, కళ్లు. పక్కన బీడీలు చేస్తున్న అమ్మ చాటలోంచి తలెత్తి నవ్వింది.

"గిదేం పని బిడ్డా? ఒక్క ఆకు కత్తిరిచ్చి, ఒక్క బీడీ చుట్టి, దాని మూతి మలిచినంక ఇంకో ఆకు పడతనా నేను? ముందుగాల ఆకంత కత్తిరియ్యాలె!"

మర్నాడు అమ్మ పద్ధతిలో కూర్చున్నాను. మిగిలిన పదకొండింటికీ ముందు ఒళ్లు, తర్వాత అన్నింటికీ బట్టలు, తర్వాత ఆయుధాల ఇనుము. చివర నీళ్లలా పలచన చేసిన మట్టి రంగు పైనంతా పూస్తే, అది మడతల్లోకి దిగి నీడలా నిలిచింది. అన్న ఊళ్లు తిరగడం మాని నా ఎదురుగా కూర్చున్నాడు. ఒక్కో బొమ్మనూ సీసా మూత మీద నిలబెట్టి అందించాడు.

జల్దీ ఆరతాయని వాటిని ఎండలో రేకుల మీద పెట్టాను. తెచ్చేసరికి ఒక రాక్షసుడి బల్లెం వంకర తిరిగింది. నాకు ఏడుపొచ్చింది.

"వీనికి ఎండదెబ్బ తాకిందే! అమ్మా, ఉల్లిగడ్డ తే, వీని జేబుల పెడదాం" అన్నాడు అన్న.

"జేబేడిదిరా వానికి? గోచి కట్టిండు" అంది అమ్మ.

నవ్వేశాను. అన్న ముందు అంత గట్టిగా నవ్వడం నాకే కొత్త. తను బల్లేన్ని వేడినీళ్లలో ముంచి, వేళ్లతో మెల్లగా సాపు చేసి, చల్లనీళ్లలో పెట్టాడు. మిగిలిన రెండు రోజులూ గదిలో మనుషుల గురించి, వంట వంతుల గురించి చెబుతూనే ఉన్నాడు. ఏం పుస్తకాలు చదువుతున్నావని అడిగాడు. కుంచె మీంచి కళ్లెత్తకుండా చెప్పాను, చాలాసేపు.

వెళ్లే రోజు బస్టాండులో అన్న బస్సెక్కి, బ్యాగు పైన పెట్టి, కిటికీ దగ్గర కూర్చున్నాడు. మూడు రోజులుగా నోట్లో నానుతున్న మాట అప్పుడు అడగగలిగాను.

"అన్నా, నా రంగులు జూసి నీ దోస్తులు నవ్వరు గదా? వాళ్లయి ఎవలేసిండ్రు?"

బస్సు కదిలింది.

"నేనే ఏసిన చెల్లె. అందరియి నేనే ఏసిన."